అరుగు మీది నాలుగు తరగతులు

మన అధ్యక్ష మండల శతాబ్ది మహోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో మన పితరుల విశ్వాసమును గూర్చి, దేవాలయముల నిర్మాణమును గూర్చి, ఆసుపత్రులను హాస్టళ్ళను గూర్చి పలువురు పెద్దలు వ్రాయుచున్నారు. మేము తీసికొన్న విషయము చాల చిన్నది. బడిలో క్రొత్తగా అడుగుపెట్టిన ఆరేడేండ్ల పిల్లవానిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టవలెను? తన యీడు పిల్లల ప్రక్కనా, లేక తనంత మాత్రమే చదువగలిగిన పిల్లల ప్రక్కనా?

ఇది పంతుళ్ళు చూచుకొనే సంగతి, దీనికొక చరిత్ర కూడ ఉన్నదా అని కొందరు అనుకొనవచ్చును. ఉన్నది. ఆ చరిత్రలో చాల భాగము మన దేశములోని వీధి అరుగుల మీదను, మద్రాసు నగరములోని ఎగ్మూరులోను నడిచినది. అందులో ముఖ్యపాత్ర వహించినవారు ఒక ఆంగ్లికన్ గురువు. పైగా మనది గ్రంథము చేతబట్టుకొని పుట్టిన సంఘము. పల్లెలో ప్రార్థన మందిరము లేచిన చోటనెల్ల దానిలోనే పగలు బడి నడిచినది. ఎవరు చదువగలరు, ఎవరు చదువలేరు అన్న ప్రశ్న మనకు ఆరాధనకు సంబంధించిన ప్రశ్న కూడ అయినది.

మొదట మన అరుగు బడి సంగతి చూతము. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో (రాయలసీమవారు తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నది ఈ దొరగారిదే) 1822లో కలెక్టర్లందరిని తమ తమ జిల్లాలలోని బడుల వివరములు పంపవలసినదిగా కోరినారు. వచ్చిన జవాబులలో మిక్కిలి విలువైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపినది. ఆనాడు బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతము కూడ చేరియుండెను. క్యాంబెల్ దొర తెలుగు బాగుగా ఎరిగినవాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో అచ్చు వేయించినవాడు. ఆయన లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడులలో తెలుగు చెప్పునవి 226.

ఆ బడి ఎట్లు నడిచినదో ఆయన వివరముగా వ్రాసినాడు. తెల్లవారగనే పిల్లలు చేరవలెను. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసెదరు, రెండవవానికి సున్న, మూడవవానికి బెత్తముతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినకొలది ఒక్కొక్కటి ఎక్కువ. పిల్లవాడు మొదట అక్షరమును నోటితో కాక వ్రేలితో నేర్చుకొనును. నేల మీద ఇసుక పరచి అందులో దిద్దుట, దిద్దుచు పలుకుట. మన ఇండ్లలో తాతలు బియ్యములో వ్రేలు పట్టి దిద్దించిన పద్ధతియే ఇది.

మన ప్రశ్నకు సంబంధించిన సంగతి ఆ తరువాత వచ్చుచున్నది. పిల్లలందరు చేరిన పిమ్మట వారివారి చదువును బట్టి వారిని తరగతులుగా విడదీసెడివారు. సాధారణముగా నాలుగు తరగతులు. క్రింది తరగతులను పై తరగతుల పిల్లలు చూచుకొందురు. పై తరగతులను అయ్యవారు చూచుకొనును. ఏ పిల్లవాడైనను ఒక తరగతి నుండి మరియొక దానికి తన శక్తిని బట్టి, తాను సాధించిన దానిని బట్టి పోవును. వయస్సు ప్రసక్తి లేదు, సంవత్సరాంతపు పరీక్ష లేదు, జూన్ నెల లేదు. నేడు గుణింతము వచ్చినవాడు రేపు పై వరుసలో కూర్చుండవచ్చును. ఈ ఏర్పాటు మిక్కిలి మెచ్చుకొనదగినదనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట న్యాయమేననియు కలెక్టరే ఒప్పుకొన్నాడు.

ఆయన లోపములు కూడ చూచినాడు. పిల్లలు చదివెడి పద్యముల భాషకు, వారు ఇంటిలో మాట్లాడు భాషకు పొత్తు లేదు. పద్యము ధారగా అప్పగించు పిల్లవానికి దాని అర్థము తెలియదు. ఈ మాటను మన పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. దీనితో మనకు ముందు పని ఉన్నది.

మరియొక లోపము ఉన్నది. అరుగు ఎంత చక్కగా నడిచినను మాలపల్లె, మాదిగపల్లె పిల్లలకు దాని మీద సాధారణముగా చోటు లేదు. చదువును బట్టి నాలుగు తరగతులు చేసిన ఆ బడికి వెలుపల, చదువుతో నిమిత్తము లేని అయిదవ తరగతి ఒకటి నిలుచుండెను. మన సంఘములో ఎక్కువమంది ఆ అయిదవ తరగతి వారి మనుమలము, మునిమనుమలము. అందుచేత మన ప్రాచీన విద్యా పద్ధతిని పొగడునప్పుడు మేము మాత్రము సగము గొంతుతోనే పొగడుచుందుము.

ఇంగ్లండులో అనుకరించినారు అని క్యాంబెల్ వ్రాసినాడే, ఆ అనుకరణ ఎట్లు జరిగినది? దానికి కారకులు రెవరెండ్ ఆండ్రూ బెల్ గారు. ఆయన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణమున 1753లో జన్మించి, 1787లో మద్రాసు చేరి, కంపెనీ పటాలములకు చాప్లెయినుగా పనిచేసినారు. 1789లో ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయమునకు సూపరింటెండెంటు అయినారు. ఆ పనికి జీతము ఇచ్చెదమనినను పుచ్చుకొనలేదు. అక్కడి పిల్లలు తెల్ల సిపాయిల కుమారులు. ఎక్కువమంది తల్లులు ఈ దేశపు స్త్రీలు. ఈ పిల్లలు పుట్టుకతోనే మందబుద్ధులు, వీరికి చదువు అబ్బదు అని ఆనాటి దొరల నమ్మకము. బెల్ గారు ఆ మాటను ఒప్పుకొనలేదు.

ఒక ఉదయము ఆయన గుఱ్ఱము మీద పోవుచు, ఒక మలబారు బడిలో (ఆనాటి ఇంగ్లీషువారు తమిళులను మలబారులని పిలిచెడివారు) పిల్లలు నేల మీద కూర్చుండి ఇసుకలో వ్రేళ్ళతో అక్షరములు దిద్దుచుండగా చూచినారు. వెంటనే తన బడికి వచ్చి, అక్షరముల తరగతికి అట్లే నేర్పుడని ఉపాధ్యాయులకు చెప్పినారు. అది సాగదు అని వారు చేతులెత్తివేసినారు. అప్పుడు ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఒక సిపాయి కుమారుని పిలిచి, ఆ తరగతిని అతనికి అప్పగించినారు. ఫ్రిస్కెన్ వయస్సు అప్పటికి ఎనిమిదేండ్లు. పెద్ద ఉపాధ్యాయులు చేయజాలము అన్న పనిని ఆ కుఱ్ఱవాడు చేసి చూపినాడు. ఆ దినము నుండి బెల్ గారు బడి అంతటిని ఆ దారిని మార్చుకొంటూ పోయినారు.

బెల్ గారి తరగతుల ఏర్పాటులో ఒక విశేషము ఉన్నది. పిల్లవాని స్థానమును ఆయన నిర్ణయింపలేదు. పిల్లవాడే దానిని వెదకికొనవలెను. పాఠము జరుగుచుండగా తప్పు చదివినవాని తప్పును సరిదిద్దినవాడు వాని కంటె పై చోటికి పోవును. కొన్ని దినములు తరగతిలో అగ్రస్థానమున నిలిచినవాడు పై తరగతికి పోయి అక్కడ అడుగున చేరును. పాఠము అందుకొనలేనివాడు క్రింది తరగతికి పోయి, అక్కడ తేరుకొని మరల పైకి వచ్చును. దినదినమునకు లెక్క వ్రాసిన రిజిస్టరు ఉండెను. దెబ్బలు ఆయనకు గిట్టవు. తప్పు చేసినవాని పేరు ఒక నల్ల పుస్తకములో వ్రాసి, వారమునకొకసారి తోటి పిల్లలనే పంచాయతీగా కూర్చుండబెట్టి తీర్పు చెప్పించెడివారు. అరచేతిలో సున్న, బెత్తపు దెబ్బల కంటె ఇది నయమని మా అభిప్రాయము.

ఆరోగ్యము చెడి 1796లో ఆయన స్వదేశమునకు వెళ్ళి, మరుసటి సంవత్సరము ఎగ్మూరు అనుభవమును ఒక చిన్న పుస్తకముగా లండనులో అచ్చు వేయించినారు. ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనియే పేరు. పడమటి నుండి మనకు వచ్చిన చదువులను గూర్చి మనము ఎక్కువగా విందుము. మన వీధిలో నుండి పడమటికి వెళ్ళిన దానిని గూర్చి విన్నది తక్కువ. 1811లో ఇంగ్లండు సంఘము బీదపిల్లల చదువు కొరకు స్థాపించిన నేషనల్ సొసైటీ ఈ పద్ధతినే అవలంబించినది. బెల్ గారు 1832లో మరణించినప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేసినారు.

అదే కాలమున లండనులో జోసఫ్ లాంకాస్టర్ అను క్వేకరు యువకుడు 1798లో బీదపిల్లలకు బడి పెట్టి దాదాపు ఇదే పద్ధతిని నడిపినాడు. ఇది ఎవరు కనిపెట్టినది అని వీరిద్దరి అనుచరులకు, అనగా ఇంగ్లండు సంఘమువారికి ఇతర సంఘములవారికి, జరిగిన కలహము చాల దీర్ఘమైనది, మనకు ఉపయోగము లేనిది. కాని లాంకాస్టర్ చదువు మెట్లు చూడదగినవి. మొత్తము ఎనిమిది తరగతులు. మొదటిది అక్షరముల తరగతి. రెండవది రెండక్షరముల మాటలు. తరువాత మూడు, నాలుగు, అయిదు అక్షరముల మాటలు. ఆరవ తరగతి పేరు నిబంధన. ఏడవ తరగతి పేరు బైబిలు. ఎనిమిదవది బాగుగా చదువువారిలో ఏరిన పిల్లలది. లెక్కలకు వేరుగా తరగతులు ఉండెను. చదువులో ఆరవ తరగతివాడు లెక్కలలో రెండవ తరగతిలో ఉండవచ్చును, దానికి సిగ్గుపడవలసిన పని లేదు. పుస్తకములు కొనలేక, ఒకే పుస్తకపు పుటలను పెద్ద అక్షరములతో అట్టల మీద అంటించి గోడకు వ్రేలాడదీసి, వాటి ముందు పిల్లలను అర్ధచంద్రాకారముగా నిలువబెట్టి చదివించెడివాడు. అయితే ఈ లాంకాస్టర్ తప్పు చేసిన పిల్లలకు వేసిన శిక్షలు, బుట్టలో కూర్చుండబెట్టి పైకి వ్రేలాడదీయుట మొదలైనవి, వినుటకే బాధగా ఉండును.

ఈ మెట్లను మన తెలుగుతో పోల్చి చూచినచో ఒక తమాషా కనబడును. మన బాలశిక్షలలో కూడ రెండక్షరముల మాటలు, మూడక్షరముల మాటలు అని వరుస ఉన్నది. కాని తెలుగులో కష్టము మాట పొడవును బట్టి రాదు. గుణింతముల యొద్ద ఒక మెట్టు, ఒత్తుల యొద్ద మరియొక మెట్టు. ‘పలక’, ‘కలకల’ చదివిన పిల్లవాడు వాటి కంటె చిన్నదైన ‘స్త్రీ’ యొద్ద ఆగిపోవును. మన ప్రభువు నామమునే చూడుడు. ‘యేసు’ అను మాట గుణింతము వచ్చిన పిల్లవానికి అందును. ‘క్రీస్తు’ అని చదువుటకు క్రావడి రావలెను, సకారము క్రింద తవత్తు రావలెను. సండే స్కూలు పిల్లవాడు గోడ మీది వాక్యములో మొదటి మాట చదివి రెండవ మాటకు టీచరు ముఖము చూచినచో, వాడు సోమరి అని అనుకొనరాదు. వాడు రెండు మెట్ల నడుమ నిలుచున్నాడు.

బెల్ గారిని గూర్చి మరియొక మాట చెప్పక తప్పదు. ఎగ్మూరులో ఎవరికీ అక్కరలేని పిల్లలను పైకి తీసికొనివచ్చిన ఈ గురువే, 1805లో తన పుస్తకమును మరల అచ్చు వేయించునప్పుడు, ఇంగ్లండులోని బీదపిల్లలకు వ్రాతయు లెక్కలును నేర్పనక్కరలేదనియు, కూలిపని చేసికొని బ్రతుకవలసిన వారికి ఎక్కువ చదువు చెప్పినచో తమ స్థితికి మించిన తలంపులు కలుగుననియు వ్రాసినారు. బైబిలు చదువుట వరకు చాలునని ఆయన భావము. తరగతి నుండి తరగతికి తలుపు తెరిచిన చేతులే మేడమెట్లకు పైన తాళము వేసినవి. చదువును బట్టి ఏర్పడిన మెట్టును, పుట్టుకను బట్టి ఏర్పడిన మెట్టును ఆయన ఒకే తలలో ఉంచుకొనగలిగినారు. ఈ వింత ఆయన ఒక్కనిది మాత్రమే కాదు.

తరువాతి మలుపు 1862లో వచ్చినది. ఆ సంవత్సరము ఇంగ్లండు ప్రభుత్వము రాబర్ట్ లో అను మంత్రి ప్రోద్బలమున ఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతిని పెట్టినది. చదువును ఆరు స్టాండర్డులుగా విభజించినారు. మొదటి స్టాండర్డు పిల్లవాడు చిన్న చిన్న మాటల కథ చదువవలెను. ఆరవ స్టాండర్డువాడు వార్తాపత్రికలోని ఒక పేరా చదువవలెను. ఇన్‌స్పెక్టరు సంవత్సరమునకొకసారి వచ్చి ఒక్కొక్క పిల్లవానిని పరీక్షించును. చదువు, వ్రాత, లెక్కలు అను మూడింటిలో తప్పిన ఒక్కొక్క దానికి బడికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు నష్టము. ఒక స్టాండర్డులో ఒకసారి పరీక్షకు నిలిచిన పిల్లవానిని మరల అదే స్టాండర్డులోగాని క్రింది దానిలోగాని నిలుపకూడదు. మూడు విషయములలోను ఒకే స్టాండర్డు.

మన పాఠకులు దీనిని అరుగు బడితోను ఎగ్మూరుతోను పోల్చి చూడవలెను. అక్కడ దినదినము మారగలిగిన స్థానము ఇక్కడ సంవత్సరమునకొకసారి మారుచున్నది. అక్కడ క్రిందికి పోయి తేరుకొనుటకు అవకాశము ఉన్నది, ఇక్కడ లేదు. అక్కడ మెట్టు పిల్లవాని కొరకు ఉన్నది. ఇక్కడ పిల్లవాడు గ్రాంటు కొరకు ఉన్నాడు. తప్పకుండ తప్పు పిల్లవాని మీద పంతులు కాలము ఎందుకు వెచ్చించును? గట్టెక్కువారి మీదనే శ్రద్ధ పెట్టును. పుస్తకమంతయు కంఠస్థము చేయించును. తానే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉండిన కవి మాథ్యూ ఆర్నల్డ్ ఈ పద్ధతిని బహిరంగముగా ఖండించినాడు. అయినను 1860ల దశకములోనే ఇది మద్రాసు రాజధానికి కూడ వచ్చినది. గ్రాంటు మీద ఆధారపడిన మిషను బడులు దీని క్రిందికే వచ్చినవి. 1904లో కర్జన్ ప్రభువు కాలపు విద్యా తీర్మానము ఈ పద్ధతిని విడువవలెనన్నది. అప్పటికి స్టాండర్డు అను మాట తాలూకా ఊళ్ళలో కూడ పాతుకొనిపోయినది. గ్రాంటు పోయినది, తరగతి గదుల గోడలు నిలిచినవి.

అయితే మన పల్లె బడులు పూర్తిగా ఆ అచ్చులోనికి ఒదగలేదు. దానికి కారణము సిద్ధాంతము కాదు, పేదరికము. ఒకే ఉపదేశి, ఒకే పాక. అదే ఆదివారము దేవాలయము. నాట్ల కాలమున, కోతల కాలమున పిల్లలు పొలములో ఉందురు. గొడ్లు కాచువాడు మధ్యాహ్నమునకు గాని రాడు. రెండు నెలలు కనబడని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు వాడు ఏ స్టాండర్డువాడని ఉపదేశి ఏ పుస్తకములో చూడవలెను? చేతికి పుస్తకమిచ్చి చదివించి, ఎక్కడ ఆగినాడో ఆ వరుసలో కూర్చుండబెట్టెడివాడు. రాత్రి లాంతరు వెలుగులో వాని తండ్రియు అదే వరుసలో కూర్చుండెడివాడని పాత ఉపదేశుల కుటుంబములవారు చెప్పగా మేము విన్నాము. పెద్ద పిల్ల చిన్నవానికి చెప్పుట, ఇసుకలో దిద్దించుట అన్నియు ఆ పాకలో ఉండెను. అరుగు మీద చోటు దొరకని పిల్లలకు అరుగు బడి మర్మమంతయు ప్రార్థన మందిరములో దొరికినది.

దీనిని మరీ పొగడుట కూడ సత్యము కాదు. మిషనుల పక్షమున ఎ.జి. ఫ్రేజర్ గారి అధ్యక్షతన గ్రామ విద్యా కమిషను దేశమంతట తిరిగి 1920లో నివేదిక ఇచ్చినప్పుడు, పిల్లలు అక్షరాస్యత స్థిరపడక ముందే బడి మానివేయుచున్నారన్న దుఃఖమే అందులో ముఖ్యము. 1929లో హార్టాగ్ కమిటీ ఆ దుఃఖమునకు అంకెలు ఇచ్చినది: 1922–23లో మొదటి తరగతిలో ఉన్న నూరుమంది పిల్లలలో 1925–26 నాటికి నాలుగవ తరగతికి చేరినవారు 18 మంది. మిగిలినవారు మానివేసినవారో, లేక మొదటి తరగతిలోనే పాతుకొనిపోయినవారో. పిల్లవానిని వాడు చదువగలిగిన చోట కూర్చుండబెట్టుటకును, చదువు రాలేదని ఏండ్లతరబడి ఒకే బల్ల మీద ఉంచివేయుటకును చాల భేదమున్నది. పైకి చూచుటకు రెండును ఒకే విధముగా కనబడును.

ఈ భేదము ఇతర దేశములవారికి కూడ తెలిసివచ్చినది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరములో నల్లజాతి పిల్లల బడి ఒకదానిని రే రిస్ట్ అను సమాజ శాస్త్రజ్ఞుడు చాల కాలము గమనించి 1970లో ప్రకటించినాడు. పిల్లలు బడిలో చేరిన ఎనిమిదవ దినమున టీచరు వారిని మూడు బల్లలుగా కూర్చుండబెట్టినది. చదువు పరీక్ష ఏదియు పెట్టలేదు. శుభ్రమైన బట్టలు, చక్కని మాట, ఇంటి స్థితి ఉన్నవారు నల్లబల్లకు దగ్గరి బల్ల. తక్కినవారు దూరపు బల్లలు. రెండవ తరగతి నాటికి ఆ గుంపులకు పేర్లు కూడ వచ్చినవి. అడుగు గుంపు పేరు విదూషకులు. మొదటి వారములో దూరపు బల్లకు పోయిన పిల్లలు పైకి రాలేదు. టీచరు కూడ నల్లజాతి స్త్రీయే అన్న సంగతి మనవంటి వారము తొందరపడి దాటిపోరాదు. మన బిడ్డలను మనమే దూరపు బల్లకు పంపగలము.

1986లో కీత్ స్టానోవిచ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, చిన్నతనములో చదువు పట్టుబడినవాడు ఎక్కువ చదివి ఇంకను ముందుకు పోవుననియు, పట్టుబడనివాడు చదువుటయే మానుకొని ఉన్నది కూడ పోగొట్టుకొనుననియు వ్రాసి, దానికి మత్తయి ప్రభావము అని పేరు వాడినాడు. తలాంతుల ఉపమానపు చివరి మాటలను బట్టి (మత్తయి 25:29) సమాజ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1968లో పెట్టిన పేరు ఇది. వేదాంత కళాశాలలో ఆ ఉపమానమును ఎన్నో విధములుగా చదివిన మాకు, దానికి ఒకటవ తరగతి గదిలో ఇట్టి వ్యాఖ్యానము ఉన్నదని తెలిసినప్పుడు కొంత ఆశ్చర్యమైనది. తలాంతును పాతిపెట్టిన దాసుని తప్పు గూర్చి ప్రసంగించుట సులభము. ఆరేండ్ల పిల్లవాని తలాంతును పాతిపెట్టువారు సాధారణముగా పెద్దలు.

మన దేశములో ఈ ప్రశ్న మరల లేచినది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రములో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుండి ఏకోపాధ్యాయ పల్లె బడుల కొరకు ఒక పద్ధతి తయారుచేసినారు. పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వాటిని నిచ్చెన మెట్లవలె అమర్చినారు. పిల్లవాడు తన మెట్టు తానే చూచుకొని కార్డు తీసికొనును. టీచరు సహాయము కావలసినవారు ఒక గుంపు, తోటివారి సహాయము చాలినవారు ఒక గుంపు, తామే చేసికొనువారు ఒక గుంపు. కార్డు మారినప్పుడు గుంపు మారును. 2003లో చెన్నై కార్పొరేషను బడులు ఈ పద్ధతిని తీసికొన్నవి. 2007–08 నాటికి తమిళనాడు అంతట వ్యాపించినది. బెల్ గారు ఇసుక బడిని చూచిన నగరమునకే, రెండు వందల ఏండ్ల తరువాత, మన రాయలసీమ పల్లెల నుండి తరగతుల పాఠము చేరినది.

రెండవ వైపున ప్రథమ్ సంస్థ. ఆ సంస్థ 2005 నుండి నడుపుచున్న అసర్ సర్వేలో పల్లె ఇండ్లకు పోయి పిల్లవాని చేతికి ఒక కాగితము ఇచ్చెదరు. అందులో అక్షరములు, మాటలు, ఒకటవ తరగతి పేరా, రెండవ తరగతి కథ, అంతే. 2022లో గ్రామములలోని అయిదవ తరగతి పిల్లలలో ఆ రెండవ తరగతి కథ చదువగలిగినవారు 42.8 శాతము, 2024లో 48.8 శాతము. అనగా సగము మంది పిల్లల చేతిలో ఉన్న పుస్తకము వారికి అందదు. 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పిల్లవానిని వాని వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెనన్నది. అది న్యాయమే. పదేండ్ల పిల్లను ఆరేండ్ల పిల్లల నడుమ కూర్చుండబెట్టి అవమానించరాదు. కాని తరగతి గదిలో చోటు దొరికినంత మాత్రమున పాఠములో చోటు దొరకదు. అందుచేత ప్రథమ్ వారు తరగతులను అట్లే ఉంచి, దినమునకు ఒక్క గంట మాత్రము పిల్లలను చదువును బట్టి వేరుగా కూర్చుండబెట్టి నేర్పు పద్ధతి నడిపినారు. 2012–13లో హర్యానా ప్రభుత్వ బడులలో ఇట్లు చేసినప్పుడు పిల్లల భాష మెరుగైనదని పరిశోధకులు తేల్చినారు. ఈ పనులతో సంబంధమున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గార్లు, మైకేల్ క్రెమర్ గారితో కలిసి 2019లో ఆర్థిక శాస్త్రమున నోబెల్ బహుమానము పొందినారు.

ఒక్క గంట అన్నది మాకు ముఖ్యముగా తోచుచున్నది, ఎందుకనగా సండే స్కూలుకు ఉన్నదే ఆ గంట. మనము ఆ గంటలో పిల్లలను బిగినర్లు, ప్రైమరీ, జూనియరు అని వయస్సును బట్టి కూర్చుండబెట్టుచున్నాము. కథ చెప్పుటకు, పాటకు అది సరిపోవును. వాటిలో విడదీయుట మాకు కూడ ఇష్టము లేదు. కాని బైబిలు తెరచునప్పుడు ఏమగుచున్నదో సంఘ సందర్శనములలో మేము చూచుచున్నాము. ఇంగ్లీషు మీడియములో అయిదవ తరగతి చదువు పిల్లవాడు ఇంగ్లీషులో చురుకుగా చదువును, తెలుగు బైబిలు ఇచ్చిన ఒత్తుల యొద్ద తడబడును. తల్లి ప్రక్క నుండి అందించును, వాడు ఆమె వెంట పలుకును. చదివినాడని అందరము సంతోషింతుము. కన్‌ఫర్మేషను తరగతికి వచ్చునప్పటికి వానికి సిగ్గు ముదురును.

మన పిల్లలకు మరియొక చిక్కు ఉన్నది. మన బైబిలు భాష ఇంటి భాష కాదు, బడి పుస్తకపు భాష కూడ కాదు. ‘వెళ్ళాడు’ అని చదువు నేర్చిన పిల్లవానికి ‘వెళ్ళెను’, ‘వెళ్ళగా’, ‘వెళ్ళుచుండగా’ అనునవి ఒకే క్రియ అని ఎవరో ఒకరు చెప్పవలెను. 1823లో క్యాంబెల్ పద్యములను గూర్చి వ్రాసిన మాట ఇక్కడ మనకు తగులుచున్నది. అప్పుడు కాలు జారినది పిల్లవాని చదువు యొద్ద కాదు, పుస్తకము యొద్ద.

మేము సేవచేసిన ఒక పాస్టరేటులో కొంతకాలము ఇట్లు నడిపినాము. గంటలో మొదటి ఇరువది నిమిషములు పిల్లలందరికి నాలుగు వరుసలు: అక్షరములు, గుణింతపు మాటలు, ఒత్తుల మాటలు, వాక్యములు. వరుసలకు పేర్లు పెట్టలేదు. అంకెలు కూడ చెప్పలేదు, చాప రంగును బట్టి పిలిచినాము. ఒక్కొక్క పిల్లవానిని వేరుగా పిలిచి చదివించిన తరువాతనే వరుస నిర్ణయించినాము. ఎవరి కుమారుడు, ఏ బడి, ఏ యూనిఫారము అని అడుగలేదు. నెలకొకసారి మరల చదివించి చాప మార్చినాము. క్రింది మూడు చాపల యొద్ద పై వరుస పిల్లలు కూర్చుండి చెప్పినారు. తెలుగు మీడియము ప్రభుత్వ బడిలో చదువు కూలివారి ఆడపిల్ల, కాన్వెంటు పిల్లవానికి ఒత్తులు చెప్పుట ఆ చాపల మీద మామూలు సంగతి అయినది. తల్లిదండ్రులలో కొందరికి ఇది నచ్చలేదు. మా అబ్బాయిని చిన్నపిల్లలతో కూర్చుండబెట్టినారని మా ఇంటికి వచ్చి అడిగినారు. వచ్చిన వారి చేతికి ఆ నెల రిజిస్టరు ఇచ్చి చూపించినాము.

నాలుగవ చాపకు మొదటి పాఠముగా మార్కు సువార్త 4వ అధ్యాయములోని విత్తువాని ఉపమానమును ఎన్నుకొన్నాము. వాక్యములు చిన్నవి. పొలము, త్రోవ, పిట్టలు, ముండ్లు, ఎండ అన్నియు మన పిల్లలు ఎరిగినవే.